సైజు సున్నా

పేరు ఉంది, తారీఖు ఉంది, లోపల మాత్రం ఏమీ లేదే, అంది అక్క పొద్దున ఫోనులో. ఆ మాట అనేసి ఊరుకుంది, నేనేదో చెబుతానని. ఇందాక పక్క కుర్చీలోంచి ఎవరో ఏదో అడిగితే తలూపాను, దేనికి ఊపానో తెలియదు. ఎదురుగా తెర మీద నా టెస్టు నడుస్తోంది. చిన్న కంప్యూటరొకటి లేస్తుంది, ఒక ఫైలు రాస్తుంది, పేరు మారుస్తుంది, దాని కరెంటు పోతుంది, మళ్ళీ లేచి ఫైలు ఉందో లేదో తడుముకుంటుంది, మళ్ళీ మొదటికి. నిజం కంప్యూటరు కాదది, కంప్యూటరు లోపల ఉత్తుత్తి కంప్యూటరు, కరెంటూ ఉత్తుత్తిదే, నేను పొమ్మంటే పోతుంది. రోజూ చేసే పనే. ఎన్నడూ దేనికీ జాలిపడలేదు, ఈవేళ మాత్రం అది లేచి తడుముకుంటుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను. ఎదురు బిల్డింగు గోడకి ఏసీ డబ్బాలు, ఒక డబ్బా మీద పావురం. 

అక్క మొగుడికి, మా బావకి, మొన్న గొంతు తీసేశారు. అలా అనకూడదు, స్వరపేటిక తీసేశారు అనాలి, డాక్టరు అలాగే అన్నాడు, జబ్బు దాని చుట్టూ పాకింది, మొత్తం తీస్తేనే మనిషి దక్కుతాడు, ఊపిరికి మెడ కింద రంధ్రం పెడతాం, తింటాడు, తిరుగుతాడు, మాట మాత్రం ఉండదు అని. మాట మాత్రం! బావలోంచి మాట తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ అని అడగబోయాను, ఈలోగా బావే అన్నాడు: "మా ఆవిడకి మనశ్శాంతి మిగులుతుంది డాక్టరుగారూ." డాక్టరు నవ్వలేక నవ్వాడు, అక్క లేచి బయటికెళ్ళింది. బావకి డ్రైవింగ్ స్కూలు ఉంది. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా పక్క సీట్లో కూర్చుని నోటితో బండి నడిపేది ఆయనే. నాకూ ఆయనే నేర్పాడు. ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెరగదు. "అద్దం చూడు ఇంజినీరమ్మా, వెనకొచ్చేవాడికి నీ మీద జాలి లేదనుకుని చూడు." నేను కెవ్వుమంటే, "బ్రేకంటే అరుపు కాదు తల్లీ, బ్రేకంటే కాలు." ఆ గొంతు వినపడితే కాలు దానంతటదే వెళ్ళి పడాల్సిన చోట పడేది. కొంచెం బొంగురు, కొంచెం వెటకారం, వాక్యం చివర ఎప్పుడూ నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక చిన్న విరుపు. ఎలా ఉంటుందో నాకు నేను చెప్పుకోవడానికే ఇంత అవస్థ పడుతున్నాను, అప్పుడే. మొన్నటిదాకా విన్నదాన్ని.

అందుకే మాటల డాక్టరమ్మ, బావ ఆవిడకి పెట్టిన పేరు, ఆ దారి చూపించినప్పుడు అందరం పొంగిపోయాం. ఆపరేషనుకు ముందే గొంతు దాచుకోవచ్చట. ఆవిడ ఇచ్చిన వాక్యాలు రోజూ కాసిని చదివి రికార్డు చేస్తే ఒక ప్రోగ్రాం ఆ గొంతును నేర్చుకుంటుంది, తర్వాత బావ ఏం టైపు చేసినా బావ గొంతుతోనే పలుకుతుంది. వాక్యాలంటే మళ్ళీ మామూలు వాక్యాలు కావు. ఎర్ర గొడుగు కింద పిల్లి ఆవులించింది. పొడవాటి పెన్సిలు విరిచింది ఎవరు. బావ ప్రతిదానికీ ఒక తోక తగిలించేవాడు, "పిల్లి ఆవులిస్తే మనకేంటమ్మా, బండి తోలుతోందా అది?" అని, అక్క అదంతా చెరిపించి మళ్ళీ చదివించేది. పాత లాప్‌టాప్, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గులో ఉన్నంతసేపే ప్రాణం. అన్ని రోజుల చదువూ ఒకే ఫైలు, రోజూ దాన్నే తెరవడం, చివర చేర్చడం, సేవ్ కొట్టడం. పెన్‌డ్రైవులో కూడా వేసి పెట్టమని అక్క మొత్తుకుంటూనే ఉందట. "ఆ డిస్కుకి కాపలా మీ చెల్లెలే కదా, ఇంక మనకేం భయం" అన్నాడట బావ. ఈ మాట అక్క నిష్ఠూరంగా చెప్పలేదు, ఊరికే చెప్పింది. చివరి సాయంత్రం వాక్యాలన్నీ అయిపోయాక బావ తలుపు వేసుకుని ఇంకాసేపు ఏదో సొంతంగా మాట్లాడాడట. సేవ్ కొట్టాడు, సేవ్ అయిందని వచ్చింది, మరుక్షణం కరెంటు పోయింది. చీకట్లోంచి తడుముకుంటూ బయటికొచ్చి, "చూశావా, కరెంటువాడు కూడా నా మాట పూర్తయ్యేదాకా ఆగాడు" అన్నాడట. మర్నాడు ఆస్పత్రిలో చేరడం, ఆ హడావిడి. ఫైలు తెరిచి చూడాలని ఎవరికి తోస్తుంది? ఈ పొద్దున డాక్టరమ్మ అడిగితే తెరిచారు.

సైజు సున్నా అని చూపిస్తోందే అని అక్క అనగానే పోల్చుకున్నాను, అక్షరం పొల్లు పోకుండా ఇదే మాట వారం నుంచి నా బల్ల మీద ఉంది. ముక్కూ మొహం తెలియని ఎవరిదో ఫిర్యాదు. సేవ్ చేశాను, కరెంటు పోయింది, ఫైలు ఉంది, సైజు సున్నా. అది చదివినప్పుడు నేను ఆవులించి ఉంటాను కూడా. మా వాళ్ళు చేసేది ఫైలు సిస్టం, అంటే డిస్కు మీద ఏది ఎక్కడ పెట్టిందో గుర్తుంచుకుని అడిగినప్పుడు తెచ్చిచ్చే ప్రోగ్రాం. అది తప్పు చేస్తే దిద్దేవాళ్ళు వేరే ఉన్నారు. దిద్దిన తప్పు మళ్ళీ తలెత్తితే వెంటనే అరిచేలా ఒక టెస్టు రాసి కాపలా పెట్టడం నా పని, రిగ్రెషన్ టెస్టు అంటారు దాన్ని. ఈ తప్పును ఒకప్పుడు నిదానంగారు దిద్దారు. మా టీములో అందరికన్నా పెద్దాయన, ఏది కూలిపోతున్నా "నిదానం" అంటారు కాబట్టి ఆ పేరు. దిద్దారు గానీ అప్పట్లో కాపలా పెట్టేవాళ్ళు లేరు. ఆ తర్వాత ఎవరో వేగం కోసం ఒక వరస మార్చారు, అరిచే దిక్కు లేక అది మళ్ళీ లోపలికి దూరింది. అంతా ఆ వరసలోనే ఉంది. సేవ్ కొట్టినప్పుడు ప్రోగ్రాం పాత ఫైలు మీద రాయదు, పక్కన కొత్తది రాసి, పాతదాని పేరు తీసి దీనికి పెడుతుంది. ముందు సరుకు డిస్కు మీదికి చేరాలి, ఆ తర్వాతే పేరు మారాలి. మావాళ్ళ తొందర వల్ల ముందు పేరు మారిపోతోంది. ఇల్లు మారేవాడు కొత్త గుమ్మానికి పేరు తగిలించి, పాత ఇంటి తాళాలు ఓనరు చేతిలో పెట్టేశాడు, సామాను లారీ మాత్రం ఇంకా బయల్దేరలేదు. ఆ క్షణాన కరెంటు పోతే లారీ లేదు, సామాను లేదు, గుమ్మానికి పేరొక్కటే ఉంటుంది. ఇంత చిన్న విషయం. ఇంత చిన్న విషయం బావ గొంతు మింగేసింది.

"నిదానం" అన్నారు ఆయన, నేను అంతా చెప్పాక. "ముందు పోయింది ఎక్కడికో తేలనీ. తేలకుండా డిస్కు తవ్వి లాభం లేదు. ఆ లాప్‌టాప్ వాడకుండా ఆపారా?"

"పొద్దుననే చెప్పానండీ, దాన్ని అస్సలు ముట్టుకోవద్దని."

"మంచి పని చేశావ్. ముట్టుకోనంత కాలం ఉన్నది ఎక్కడికీ పోదు. సాయంత్రం బండికి వెళ్దువు గానీ, ముందు టెస్టు కానియ్."

అదీ ఇప్పుడు జరుగుతున్నది. అక్క వాళ్ళ ఊరు వెళ్ళడానికి పూట పడుతుంది, వెళ్ళేలోగా నాకు తేలాల్సింది ఒక్కటే. ఆ కరెంటు పోయిన క్షణంలో సరుకు డిస్కు మీదికి వచ్చి సైజు రాసుకోవడం ఒక్కటే మిగిలిందా, అలా అయితే బావ చదివిందంతా, ఆ తలుపు వేసుకుని చెప్పిందాంతో సహా, అక్కడే ఉన్నట్టు. లేదా అసలు సరుకే మెమరీ, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుండే చోటు, దాటి బయటికి రాలేదా, అలా అయితే ఆ చివరి సేవ్ గాలికి పోయినట్టే, దానికి ముందున్న పాత ఫైలు మీద ఆశ పెట్టుకోవాలి. పాతదాన్ని తుడిచేయరు, ఆ చోటు ఖాళీ అని ఒక ముద్ర వేస్తారంతే, వేరేది వచ్చి దాని మీద రాసుకునేదాకా అది ఉన్న చోటే ఉంటుంది. ఏది నిజమో తెలియాలంటే ఆ క్షణాన్ని మళ్ళీ పుట్టించాలి. పాత ఫైలు నిండా క అనే అక్షరం, కొత్తదాని నిండా గ అనే అక్షరం నింపాను, కరెంటు తీస్తూ పోతున్నాను, సరిగ్గా ఆ సందులో పడాలి. అన్నిసార్లూ పడదు. పాస్, పాస్, పాస్ అని ఆకుపచ్చగా పేరుకుంటోంది తెర మీద, ప్రతి పాస్‌కీ లోపల్లోపల తిట్టుకుంటున్నాను. విచిత్రమైన ఉద్యోగం ఇది. ఇంకా దిద్దని ప్రోగ్రాం మీద ఈ టెస్టు ఫెయిల్ కావాలి, ఫెయిల్ కాకపోతే అది కాపలాకి పనికిరాదని అర్థం. ఇది ఒకసారి బావకి చెబితే పడీ పడీ నవ్వాడు, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా మీ ఆఫీసుకే పంపిస్తానన్నాడు. ఆ నవ్వు ఫైల్లో ఉందో లేదో. నవ్వమని ఏ వాక్యం అడిగింది? పిల్లి ఆవులించడం ఉంది, పెన్సిలు విరగడం ఉంది, బావ నవ్వు ఎక్కడా అడగలేదు ఎవరూ. అక్క చెరిపించిన తోకల్లో ఉండి ఉండాలి. ఛీ, ఏమిటి ఈ ఆలోచనలు, గొంతే లేదంటే నవ్వు వెతుక్కుంటున్నాను.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళే ముందు బావ అక్కతో ఏమన్నాడు? నేను అడగలేదు. స్ట్రెచర్ వెనక నేనూ నడిచాను, చక్రం ఒకటి కీచుమంటోంది, వార్డు బాయ్ పక్కకి పక్కకి అంటున్నాడు, బావ నన్ను చూసి ఏదో అన్నాడు, ఆ చక్రం గోలలో నాకు వినపడలేదు. ఆఁ బావా అన్నాను విన్నట్టుగా. మళ్ళీ చెప్పు అంటే చెప్పేవాడు, తలుపు దాకా ఇంకా చోటుంది. ఫైలుంది కదా అని నాలో ఎక్కడో ధీమా ఉండి ఉంటుంది, అక్కలో కూడా, బావలో కూడా, ఆ ధీమా మీదే ముగ్గురం తలుపు దాకా నడిచాం. గొంతు ఇంట్లో భద్రంగా ఉందనుకుంటూ గొంతు వదులుకోవడానికి వెళ్ళాడాయన. అప్పటికే అది లేదు! ముందు రోజు సాయంత్రమే లేదు. సేవ్ అయిందని మా ప్రోగ్రాం మొహం మీద అబద్ధం చెప్పింది, ఆయన దాన్ని నమ్మి మెడ చాచాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా కొత్తగా తగులుతోంది, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు తగిలిందో, ఒక్కసారీ పాతబడలేదు. ఎవరి మీదైనా అరవాలని ఉంది. వరస మార్చినవాడి మీద అరుద్దామంటే వాడు పోయి ఇంకెక్కడో పని చేసుకుంటున్నాడు, పాపం వాడికేం తెలుసు, కాస్త వేగంగా నడుస్తుందని మార్చాడు, మెచ్చుకునే ఉంటారు కూడా.

ఎర్రగా పడింది. ఆకుపచ్చ వరసల మధ్య ఒకే ఒక్క ఎర్ర గీత, ఫెయిల్ అని, ఫైలు ఉంది, సైజు సున్నా అని. నేను కదల్లేదు. రోజూ అయితే బల్ల చరిచేదాన్ని. నిదానంగారు కుర్చీతో సహా ఇటు జరిగారు, ఇద్దరం ఆ ఉత్తుత్తి డిస్కును మొదటి నుంచి చివరి దాకా వెతికించాం. గ కోసం వెతికాం ముందు. లేదు. మళ్ళీ వెతికాం, ఒక్కటంటే ఒక్క గ లేదు, అసలు అడుగే పెట్టలేదు అది డిస్కు మీద. అంటే బావ తలుపు వేసుకుని చెప్పిందేదో అది మెమరీలోనే పుట్టి మెమరీలోనే పోయింది, ఇంక ఏ మెషినూ దాన్ని తెచ్చివ్వలేదు. తర్వాత క కోసం వెతికాం. క ఉంది. కకకకక అని తెర నిండిపోయింది, ఖాళీ అని ముద్ర వేసిన చోట, వేసినవి వేసినట్టుగా, ఒక్కటీ చెదరకుండా. పాత ఫైలు మొత్తం. ఆ చివరి సాయంత్రం ముందు దాకా బావ చదివిన ప్రతి వాక్యం, గొడుగూ, పిల్లీ, పెన్సిలూ, అన్నీ ఆ లాప్‌టాప్‌లో ఇంకా ఉన్నాయి. మెషినుకి గొంతు నేర్పడానికి అది చాలు, చాలునని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఏడుపొచ్చింది నాకు, నవ్వూ వచ్చింది. నిదానంగారు జీవితంలో మొదటిసారి తొందరపడ్డారు. "ఫోన్ చెయ్, ఫోన్ చెయ్ ముందు" అన్నారు.

అక్క వెంటనే ఎత్తింది. "అక్కా, దొరుకుతుంది" అన్నాను, ఊపిరి తీసుకోకుండా అన్నాను, "చివరి రోజుది లేదు, మిగతాదంతా ఉందే, బావ గొంతు ఉంది." వెక్కిళ్ళు వినపడ్డాయి. ఇటు వైపు నేనూ అదే పనిలో ఉన్నాను. అప్పుడు అక్క వెనకాల ఎవరో మగమనిషి మాట్లాడాడు. పరాయి గొంతు, వార్తలు చదివేవాడి గొంతు, ఎక్కడా విరుపు లేదు, నవ్వు లేదు.

"ఏమే మరదలా. ఏడుపు ఆపి విషయం చెప్పు."

"ఎవరక్కా అది?" అన్నాను. అడిగానే గానీ నాకు తెలిసిపోతోంది, తెలియకూడదని అడిగాను.

"మీ బావే" అంది అక్క ముక్కు చీదుతూ, సంబరంగా. "మనది తయారయ్యేదాకా వాడుకోమని డాక్టరమ్మ ఏదో రెడీమేడ్ గొంతు పెట్టింది. టైపు చేస్తే అదే పలుకుతుంది. కళ్ళు తెరిచినప్పటి నుంచి ఒకటే వాగుడు, నర్సులందరూ ఇక్కడే."

"దేని మీద టైపు చేస్తున్నారు?"

"దేని మీదేంటే, ఇంటి నుంచి తెప్పించుకున్న ఆ పాత లాప్‌టాప్ మీద."

"ముట్టుకోవద్దని చెప్పానుగా అక్కా!"

"ముట్టుకోలేదే! నువ్వు చెప్పాక ఆ ఫైలు వైపు పోలేదు ఎవ్వరం. తెరవను కూడా లేదు. మీ బావ చేసేవన్నీ వేరే ఫైళ్ళు. పలికిన ప్రతి మాటా మళ్ళీ వినడానికి సేవ్ చేసుకుంటుందట అది, అవన్నీ పక్కన వేరేగానే పెడుతున్నాం."

దాన్ని. దాన్ని ముట్టుకోవద్దు అన్నాను. నా నోట్లో అది లాప్‌టాప్, అక్క చెవిలో అది ఫైలు. పక్కన వేరేగా. పక్కన అంటే ఎక్కడ, ఖాళీ ఉన్న చోట, ఖాళీ అని ముద్ర వేసిన చోట. నిన్నటి నుంచి బావ అన్న ప్రతి మాటా, నర్సులతో వేసిన ప్రతి జోకూ, ఆ పరాయి గొంతులో, వెళ్ళి వెళ్ళి బావ సొంత గొంతు మీద కూర్చుంటోంది. నిదానంగారు నా మొహం చూసి లేచి నిలబడ్డారు. ఎంత గట్టిగా అరిచానో గది అంతా ఇటు తిరిగింది.

"ఆపమను అక్కా! ఒక్క అక్షరం కూడా కొట్టొద్దను, ఇప్పుడే!"

"ఎందుకు" అంది ఆ వార్తల గొంతు, నిదానంగా.

"ఎందుకని కూడా అడగొద్దను! ప్లగ్గు పీకెయ్."

"ఆపేస్తా ఉండు, పద్ధతిగా..."

"పద్ధతి వద్దు, పద్ధతిగా ఆపితే పోతూ పోతూ ఇంకాస్త రాసుకుంటుంది అది. పీకెయ్ అక్కా, గోడలోంచి పీకెయ్."

"మీ బావ ఏదో కొట్టారే, సగం ఉంది తెర మీద, అదైనా చదవనీ..."

"వద్దు."

ఒక ఆస్పత్రి మంచం మీద, మాట పోయిన మనిషిని, నోరు మూసుకోమని చెబుతున్నాను. ఆయనకి ఇంకో నోరు దొరికి రెండు రోజులు కాలేదు. అక్క వంగిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత గోడ దగ్గర టక్ మని ఒకటి. ఎంత మిగిలిందో తెలియదు, వెళ్ళి చూస్తే గానీ తెలియదు, నిదానంగారు అప్పుడే నా బ్యాగు సర్దుతున్నారు. ఫోను చెవికి అలాగే పట్టుకుని ఉన్నాను. అవతల నుంచి సన్నగా ఒక చప్పుడు, గొట్టంలోంచి గాలి వచ్చిపోతున్నట్టు, మొదట గబగబా, తర్వాత కాస్త మెల్లగా. అది బావ ఊపిరి అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.